టైరు కొనే ముందు పాత టైరు లోపలి అంచు చూడండి

మాస్టారూ, నమస్తే.

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఉండేది ఒడిశాలోని జయపురం. బడి బొరిగుమ్మ వైపు, రోజూ రానూపోనూ 45 కిలోమీటర్లు. నెలకి రెండుసార్లు సాలూరు ఘాట్ మీదుగా విజయనగరం వెళ్లొస్తారు. బండి 2020 మోడల్ డిజైర్ వీఎక్స్ఐ, 52 వేలు తిరిగింది. టైర్లు ఇంకా కంపెనీ నుంచి వచ్చినవే, సైజు 165/80 ఆర్14. ముందు రెండూ అయిపోయాయి, అందులో ఎడమదాని లోపలి అంచు నున్నగా తయారైంది. వెనకవి పర్వాలేదు. నాలుగూ మార్చేయమని ఒక షాపులో అన్నారు. వెడల్పు టైర్లు వేయిస్తే పట్టు పెరుగుతుందని ఇంకో షాపులో అన్నారు. చేతిలో 20 వేలు ఉన్నాయి, తక్కువ ఖర్చులో ఎక్కువ కాలం వచ్చే కంపెనీ ఏది అని మీ ప్రశ్న.

నేను కోరాపుట్, జయపురం, రాయగడ మధ్య పదిహేనేళ్లు టాక్సీ నడిపాను. ఆ తర్వాత తొమ్మిదేళ్లుగా వీల్ అలైన్‌మెంట్ (చక్రాలు చూసే దిశ, వాలు సరిచేయడం), బాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమానంగా ఉండేలా చూడటం) పని చేస్తున్నాను. రోజుకి పది పదిహేను బండ్ల టైర్లు చేత్తో తడిమి చూస్తాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: కంపెనీ పేరు మీ సమస్యలో చివరి సంగతి. అసలు సంగతి మీరు మధ్యలో రాసిన ఆ ఒక్క వాక్యంలో ఉంది. ఎడమ ముందు టైరు లోపలి అంచు నున్నగా అయిపోయింది అన్నారు చూడండి, ఆ టైరు తిరిగి తిరిగి అరగలేదండీ. రోజూ కొంచెం కొంచెంగా రోడ్డు దాన్ని గీకేసింది. ఆ కారణం బండిలో అలాగే ఉంచి, మీరు ఎంత ఖరీదైన టైరు వేయించినా అదీ ఇలాగే పోతుంది. బహుశా ఇంకా త్వరగా పోతుంది.

కాబట్టి ముందు పాత టైర్లని చదవండి. స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పి బండి ఆపండి. ఇప్పుడు ఎడమ చక్రం వెనక వైపు నుంచి ఒంగి చూస్తే టైరు మొత్తం వెడల్పు కనిపిస్తుంది. మామూలుగా నిలబడి చూస్తే బయటి అంచే కనిపిస్తుంది, అందుకే చాలామందికి లోపల తీగ బయటపడేదాకా తెలియదు. తర్వాత అరచేతిని టైరు మీద అడ్డంగా, లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి నెమ్మదిగా రాయండి. తీగ తేలి ఉంటే చెయ్యి కోసుకుంటుంది, ముందు కళ్లతో చూసుకుని రాయండి. ఒక వైపు వెళ్లేటప్పుడు నున్నగా ఉండి, వెనక్కి వచ్చేటప్పుడు ఆకురాయి మీద చెయ్యి పెట్టినట్టు గరుగ్గా తగిలితే అది టో తేడా. అంటే ముందు చక్రాలు రెండూ సరిగ్గా ఒకే దిశలో చూడటం లేదు. నడిచే మనిషి పాదాలు కాస్త లోపలికో బయటికో తిప్పి ఈడ్చుకుంటూ నడిస్తే చెప్పులు ఎలా ఒక పక్క అరుగుతాయో, ఇదీ అంతే. గరుకు ఏమీ లేకుండా లోపలి అంచు మాత్రం నున్నగా పోయి ఉంటే క్యాంబర్, అంటే చక్రం నిలువుగా కాకుండా వాలి ఉందన్నమాట.

రెండు అంచులూ సమానంగా పోయి మధ్యలో గాడులు బాగుంటే గాలి తక్కువ పెట్టి నడిపారు. మధ్యలో పోయి అంచులు బాగుంటే గాలి ఎక్కువ. అక్కడక్కడా గిన్నె ఆకారంలో గుంటలు పడి ఉంటే షాక్ అబ్జార్బర్లు బలహీనపడ్డాయి, లేదా బాలెన్సింగ్ పోయింది. ఇవి తెలుసుకోవడానికి మెకానిక్ అక్కర్లేదు, ఐదు నిమిషాలు చాలు.

ఎడమ టైరే ఎందుకు పోయింది? మన రోడ్ల మీద ఇది మామూలే. 26వ నంబరు జాతీయ రహదారి మీదైనా, లోపలి ఊళ్ల రోడ్ల మీదైనా, ఎదురుగా లారీ వచ్చినప్పుడు మనం ఎడమకి తప్పుకుంటాం. తారు అంచు దిగి ఎర్రమట్టిలోకి వెళ్లి, మళ్లీ అంచు ఎక్కుతాం. వానలకి మట్టి కొట్టుకుపోయి ఆ అంచు జానెడు లోతుగా కూడా ఉంటుంది. ప్రతిసారీ ఆ దెబ్బ తినేది ఎడమ ముందు చక్రమే. రోజూ తింటూ ఉంటే టై రాడ్ ఎండ్, అంటే స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కీలు, వదులవుతుంది. చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే ఇనుప చెయ్యి లోయర్ ఆర్మ్, దాని కీలులో ఉండే రబ్బరు బుష్ చిరుగుతుంది, ఒక్కోసారి ఆర్మ్ కూడా వంగుతుంది. బుష్ పోయిన బండికి అలైన్‌మెంట్ చేయించడం అంటే వదులు తలుపుకి గొళ్లెం సరిచేయడమే. మెషిన్ మీద నిలబడి ఉన్నప్పుడు అంకెలు ఆకుపచ్చగా కనిపిస్తాయి, రోడ్డు ఎక్కి బ్రేకు వేయగానే చక్రం మళ్లీ కదిలిపోతుంది.

అందుకని షాపుకి వెళ్లగానే టైర్ల ధర అడగకండి. ముందు బండిని జాకీ ఎక్కించమనండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఒకసారి, కుడీ ఎడమా పట్టుకుని ఒకసారి ఊపమనండి. టక్ మని వదులుగా కదిలితే అది ముందు బాగు చేయించాలి. లోయర్ ఆర్మ్ బుష్ రబ్బరు పగిలిందేమో టార్చి వేసి చూపించమనండి. అలైన్‌మెంట్ చేసే ముందు అంకెలు, చేసిన తర్వాత అంకెలు రెండూ ఉన్న ప్రింటు అడిగి తీసుకోండి. చాలా మారుతి బండ్లలో ముందు చక్రాలకి మామూలుగా సరిచేసేది టో మాత్రమే. క్యాంబర్ అంకె ఎర్రగా వచ్చి, "సార్, ఇది అడ్జస్ట్ అవ్వదు, పర్వాలేదు" అని ఎవరైనా అంటే పర్వాలేదు అనుకోకండి. ఎక్కడో ఏదో వంగింది, లేదా అరిగింది. అది వెతికి మార్పించండి. మీ 20 వేలలో మొదటి రూపాయి ఇక్కడ పెట్టండి. ఈ ఖర్చు చేసినవాళ్ల టైర్లే ఎక్కువ కాలం వస్తున్నాయని నా దగ్గరికి వచ్చే బండ్లు చూసి చెబుతున్నాను.

ఇప్పుడు రెండా, నాలుగా? వెనక టైర్లలో గాడి లోతు కొలిపించండి. డెప్త్ గేజి ప్రతి మంచి షాపులోనూ ఉంటుంది. కొత్త కారు టైరుకి 7, 8 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది. చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే ఆ టైరు రోడ్డు మీద ఉండకూడదు. గాడి లోపల అడ్డంగా చిన్న రబ్బరు దిమ్మె ఒకటి ఉంటుంది, అంచు మీద టీడబ్ల్యూఐ అక్షరాలో చిన్న త్రిభుజమో దాని గుర్తు. టైరు పైభాగం అరిగి ఆ దిమ్మెతో సమానం అయిందంటే 1.6కి వచ్చేసినట్టే. కానీ మన దగ్గర జూన్ నుంచి అక్టోబరు దాకా వాన, పైగా ఘాట్. 1.6 దాకా ఆగకండి. వానాకాలంలో 3 మిల్లీమీటర్లకి వచ్చిన టైరుతో ఘాట్ దిగొద్దని నా మాట.

మీ వెనక టైర్లలో 4 మిల్లీమీటర్లకి పైగా ఉండి, పక్క గోడల మీద సన్నటి పగుళ్లు లేకపోతే ఇప్పుడు రెండే కొనండి. వాటి వయసు ఐదేళ్లు దాటింది కాబట్టి, ముందుకి వేశాక (ఎందుకు ముందుకో కింద చెబుతాను) వచ్చే వానాకాలం మొదలయ్యే లోపు వాటినీ మార్చాలి. ఖర్చు రెండు విడతలు అవుతుంది, అంతే తేడా. పగుళ్లు కనిపిస్తే, లేదా గేజి 4 కంటే తక్కువ చూపిస్తే, నాలుగూ మార్చేయండి. అప్పుడు ఆ షాపతను చెప్పింది న్యాయమే.

రెండే కొంటే అవి ఎక్కడ వేయాలన్నది చాలా ముఖ్యం. దాదాపు ప్రతి షాపులోనూ కొత్తవి ముందు వేస్తారు. ఇంజిను లాగేది ముందు చక్రాలే కదా, తిరిగేదీ అవే కదా అంటారు. నేనూ అలాగే నమ్మాను. 2009 ఆగస్టులో నా ఇండికాకి రెండు కొత్త టైర్లు ముందు వేయించి, అరిగినవి వెనక ఉంచాను. పది రోజుల తర్వాత పొట్టంగి దాటి సుంకి దగ్గర ఘాట్ దిగుతున్నాను, జోరు వాన. మలుపులో రోడ్డు మీద నీరు పారుతోంది. ముందు చక్రాలు చక్కగా తిరిగాయి, స్టీరింగ్‌లో ఏ తేడా తెలియలేదు. వెనక భాగం మాత్రం ఒక్కసారిగా పక్కకి జారి, బండి అడ్డం తిరిగి, వెనక కుడి తలుపు పిట్టగోడకి ఆనుకుని ఆగింది. లోపల పర్లాకిమిడి నుంచి వచ్చిన కుటుంబం, ఒళ్లో పసిపిల్ల. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ తల్లి చాలాసేపు మాట్లాడలేకపోయింది. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తే.

కారణం తర్వాత తెలుసుకున్నాను. ముందు టైర్లు జారితే బండి తిన్నగా పోవాలని చూస్తుంది, మనకి స్టీరింగ్‌లో తెలుస్తుంది, కాలు తీస్తే చాలావరకు అదుపులోకి వస్తుంది. వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది, మామూలు డ్రైవరు చేతికి అది దొరకదు. నీటిని పక్కకి తోసేది గాడుల లోతే. ఆ లోతు ఎక్కువ ఉన్న టైర్లు వెనక ఉండాలి. టైరు కంపెనీలు కూడా ఇదే చెబుతాయి. కాబట్టి కొత్త రెండూ వెనక్కి, మీ పాత వెనకవి ముందుకి. షాపతను వాదిస్తే వాదించనివ్వండి, మీరు మాత్రం మాట మార్చకండి.

సైజు సంగతి. 165 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో, 80 అంటే ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో, ఆర్ అంటే రేడియల్ (లోపలి పోగులు అడ్డంగా ఉండే రకం), 14 అంటే రిమ్ము అంగుళాలు. తర్వాత 85టి లాంటిది ఉంటుంది. 85 అంటే ఒక్కో టైరు 515 కిలోల దాకా మోస్తుంది, టి అంటే గంటకి 190 కిలోమీటర్ల వేగం దాకా సరిపోతుంది. డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరులోనో, బండితో ఇచ్చిన పుస్తకంలోనో ఉన్న అంకెల కంటే ఇవి తక్కువ ఉండకూడదు, ఎక్కువ ఉంటే పర్వాలేదు.

వెడల్పు టైర్లు వద్దు. మీకు చెప్పింది 185/70 ఆర్14 అయితే అది కొలతలో సరిపోతుంది. మీ టైరు మొత్తం ఎత్తు దాదాపు 620 మిల్లీమీటర్లు, అది 615, తేడా ఒక్క శాతం లోపే. కానీ ధర ఎక్కువ, బరువు ఎక్కువ, మైలేజీ కొంచెం తగ్గుతుంది, స్టీరింగ్ కొంచెం బరువవుతుంది. మీకు కావలసింది తక్కువ ఖర్చు కాబట్టి అందులో మీకు ఒరిగేదేమీ లేదు. ఒకవేళ 185/65 ఆర్14 అంటగట్టాలని చూస్తే అసలే ఒప్పుకోకండి. పై మోడల్ డిజైర్లకి వచ్చేది 185/65 ఆర్15, అంటే 15 అంగుళాల రిమ్ముకి. అదే అంకె 14 రిమ్ముకి వేస్తే టైరు ఎత్తు దాదాపు 596కి పడిపోతుంది. బండి 12 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, స్పీడోమీటరు అసలు వేగం కంటే ఎక్కువ చూపిస్తుంది. మన స్పీడు బ్రేకర్ల మీద ఆ 12 మిల్లీమీటర్ల విలువ మీకు చెప్పక్కర్లేదు.

ఇక ఏ రకం టైరు? ఎక్కువ కిలోమీటర్లు ఇచ్చే టైరుకి సాధారణంగా రబ్బరు గట్టిగా ఉంటుంది. గట్టి రబ్బరు నెమ్మదిగా అరుగుతుంది, కానీ తడి రోడ్డు మీద పట్టు కొంత తగ్గుతుంది. రెండూ పూర్తిగా కావాలంటే కుదరదు. మైదానంలో, ఎండ రోడ్ల మీద రోజుకి 300 కిలోమీటర్లు తిరిగే టాక్సీకి గట్టి రబ్బరు టైరు సరైనదే. మీ బండి నెలలో ఎక్కువ దూరం బొరిగుమ్మ రోడ్డు మీద తిరుగుతుంది, అది చదును రోడ్డే. కానీ ప్రాణం మీదికి వచ్చే చోటు ఆ నాలుగు ఘాట్ ప్రయాణాలు, అందులోనూ వానలో దిగే రెండు. కాబట్టి అన్నిటికంటే గట్టి రబ్బరు కోసం పోకండి. ఎక్కువ కాలం వచ్చే వాటిలోనే వెడల్పాటి నిలువు గాడులు మూడో నాలుగో ఉండి, నీరు బయటికి పోయే దారి బాగా ఉన్న డిజైన్ చూసుకోండి.

కొన్ని టైర్ల మీద ట్రెడ్‌వేర్ అని ఒక అంకె, ట్రాక్షన్ అని ఏఏ, ఏ, బి, సి అక్షరాల్లో ఒకటి అచ్చేసి ఉంటాయి. అది అమెరికా వాళ్ల పద్ధతి, మన దగ్గర అమ్మే అన్ని టైర్ల మీదా ఉండదు. ఉంటే చూడండి. ట్రెడ్‌వేర్ 400 అంటే, 100 అని పెట్టుకున్న కొలమానం టైరు కంటే పరీక్షలో నాలుగు రెట్లు నెమ్మదిగా అరిగిందని. ఈ అంకెని టైరు చేసిన కంపెనీయే వేసుకుంటుంది. అందుకే ఒకే కంపెనీ టైర్లని పక్కపక్కన పెట్టి పోల్చడానికే పనికొస్తుంది. ట్రాక్షన్ అక్షరం తడి రోడ్డు మీద బ్రేకు పట్టుకి సంబంధించింది, మీకు ఏ కంటే తగ్గకూడదు.

పేర్లు అడిగారు కాబట్టి చెబుతున్నాను. అపోలో అమేజర్ 4జీ లైఫ్, సియట్ మైలేజ్ ఎక్స్3, బ్రిడ్జ్‌స్టోన్ స్టర్డో, ఇవి ఎక్కువ కాలం రావడానికి చేసిన రకాలు. ఎంఆర్ఎఫ్ జడ్‌వీటీవీ మన వైపు ఏ మూలకి వెళ్లినా దొరుకుతుంది, మన గోతుల రోడ్ల మీద దాని పక్క గోడ నిలబడటం నేను చాలా బండ్లలో చూశాను. మిషెలిన్ ఎనర్జీ ఎక్స్ఎం2 ప్లస్, యోకోహామా ఎర్త్-1 తడి రోడ్డు మీద నాకు బాగా నచ్చాయి, చప్పుడూ తక్కువ. మీ స్థానంలో నేనుంటే సైజు దొరికినదాన్ని బట్టి, తేదీ కొత్తగా ఉన్నదాన్ని బట్టి ఈ చివరి రెండింటిలో ఒకటి, లేదా ఎంఆర్ఎఫ్ తీసుకుంటాను. అవి కుదరకపోతే మొదటి మూడింటిలో ఏది తీసుకున్నా తప్పు లేదు. ఒకే ఇరుసు మీద రెండూ ఒకే కంపెనీ, ఒకే డిజైన్ ఉండాలి, ఇందులో మాత్రం సర్దుబాటు వద్దు.

పేరు తెలియని చవక టైర్ల గురించి. పక్క గోడ మీద ఐఎస్ఐ గుర్తు, దానితో ఐఎస్ 15633 అన్న అంకె ఉందా చూడండి. కారు టైర్లకి అది తప్పనిసరి, లేకపోతే అది మన దేశంలో అమ్మదగ్గ టైరే కాదు. విదేశీ టైర్ల దిగుమతికి 2020 జూన్ నుంచి ప్రభుత్వ లైసెన్సు కావాలి. కాబట్టి "బయటి మాల్, సగం ధర" అని ఎవరైనా చూపిస్తే ఆ టైరు ఎప్పటిదో, ఎలా వచ్చిందో ఆలోచించండి. సాలూరు లారీల ఊరు, అక్కడ రీబటన్ (అరిగిన టైరు మీద కొత్త రబ్బరు పొర అతికించడం) చేసేవాళ్లు పని తెలిసినవాళ్లు, లారీలకి అది పనికొస్తుంది. కారుకి మాత్రం రీబటన్ టైరు వేయించకండి, గాడులు మళ్లీ కోసి కొత్తలా చూపించినది అంతకంటే వేయించకండి. కారు రేడియల్ పక్క గోడ పల్చగా ఉంటుంది, రెండో జన్మకి దాన్ని చేయలేదు.

ధర లెక్క కిలోమీటరుకి వేసుకోండి. ఊరికే ఉదాహరణకి, 3,600 రూపాయల టైరు 30 వేల కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకి 12 పైసలు. 4,800 రూపాయల టైరు 48 వేలు వస్తే 10 పైసలు. ఖరీదైనదే చవక అయింది కదా. అయితే ఈ లెక్క అలైన్‌మెంట్, గాలి సరిగ్గా ఉన్న బండికే వర్తిస్తుంది. మీ బండి ఇప్పుడున్న స్థితిలో రెండు రకాల టైర్లూ 20 వేల కిలోమీటర్లకే పోవచ్చు, అప్పుడు ఖరీదైనది కొని ఎక్కువ నష్టపోయినట్టు. మీది బాగా అమ్ముడయ్యే సైజు, కాబట్టి రెండే వేయిస్తే మంచి రకం కొన్నాక కూడా బుష్‌లకి డబ్బు మిగులుతుంది. నాలుగు వేయించినా మీ 20 వేలకి కాస్త అటూ ఇటూగా పని అయిపోతుంది.

ఎక్కడ కొనాలి, జయపురమా, విజయనగరమా, విశాఖపట్నమా? వెనకటి రోజుల్లో రెండు రాష్ట్రాల పన్ను వేరుగా ఉండేది, అటు నుంచి తెచ్చుకుంటే మిగిలేది. 2017లో జీఎస్టీ వచ్చాక రెండు వైపులా ఒకటే. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద అది 28 శాతం నుంచి 18కి తగ్గింది. కాబట్టి పాత ఎంఆర్‌పీ చూపించి "ఇందులో ఇంత తగ్గిస్తున్నా" అంటే ఆ తగ్గింపులో పన్ను తగ్గినది ఎంతో విడిగా అడగండి. విశాఖలో ఒక్కో టైరుకి రెండు మూడు వందలు తక్కువకి దొరకొచ్చు. కానీ రేపు టైరు ఉబ్బినా, బాలెన్సింగ్ తేడా వచ్చినా మీరు వెళ్లాల్సింది ఘాట్ దిగి. అలైన్‌మెంట్ మెషిన్ బాగున్న షాపు మీ ఊళ్లోనే ఉంటే అక్కడే కొనండి. ధర అడిగేటప్పుడు ఫిట్టింగ్, బాలెన్సింగ్, కొత్త వాల్వులు, అలైన్‌మెంట్ అన్నీ కలిపి ఎంతో అడగండి, పాత టైర్లకి ఎంత తీసేస్తారో కూడా. బిల్లు మీద టైరు సీరియల్ నంబరు రాయించుకోండి. తయారీ లోపం అని క్లెయిము వేస్తే కంపెనీ మనిషి ముందు అడిగేది అదే. అరిగినంత మేరకు ధర తగ్గించి మిగతాది ఇస్తారు. గోతిలో పడి ఉబ్బినది మామూలుగా తయారీ లోపం కిందికి రాదు, అలాంటి వాటికీ వారంటీ ఇచ్చే పథకం ఆ టైరుకి ఉందేమో కొనేటప్పుడే తెలుసుకోండి.

తేదీ చూడటం మర్చిపోకండి. పక్క గోడ మీద డాట్ అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2325 అంటే 2025లో 23వ వారం. ఆరు నెలల లోపుది అయితే చాలా మంచిది, ఏడాది దాకా పర్వాలేదు, అంతకు మించితే వేరేది అడగండి. నాలుగంకెలు ఒక వైపు గోడ మీదే ఉండొచ్చు, కాబట్టి టైరు తిప్పి చూడండి, రిమ్ముకి ఎక్కించక ముందే చూడండి. ఎక్కించాక వెనక్కి తీసుకోమంటే ఎవరూ తీసుకోరు.

బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. కొత్త టైరు మీద చిన్న పసుపు చుక్క ఉంటే అది టైరులో తేలికైన చోటు, దాన్ని వాల్వు పక్కకి వచ్చేలా పెడితే బాలెన్సింగ్‌కి సీసం ముక్కలు తక్కువ పడతాయి. టైరు మీద బాణం గుర్తు ఉంటే అది చక్రం తిరిగే దిశ, "అవుట్‌సైడ్" అని ఉంటే ఆ ముఖం బయటికి రావాలి. ట్యూబ్‌లెస్ వాల్వు పాతదే ఉంచేస్తామంటే ఒప్పుకోకండి, కొన్ని రూపాయల రబ్బరు ముక్క అది, పగిలితే రాత్రిపూట ఘాట్ మధ్యలో ఆగాల్సి వస్తుంది. నైట్రోజన్‌కి డబ్బు పెట్టక్కర్లేదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, నెలకోసారి గాలి చూపించుకునే మనిషికి అది చాలు.

గాలి గురించి మాత్రం ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మనం కొండ మీద ఉంటాం. చాలామంది అడుగుతారు, విజయనగరంలో ఒక అంకె, ఇక్కడ ఒక అంకె వస్తోంది, గేజి తప్పా అని. తప్పు కాదు. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తు. పైకి వచ్చేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి, గేజిలో ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కంటే కాస్త ఎక్కువే పెరిగి కనిపిస్తుంది. అదే సమయంలో ఇక్కడి చలికి కొంత తగ్గుతుంది, రెండూ కలిసి పెద్ద తేడా రాదు. అసలు తేడా తెచ్చేది కాలం. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడిపోతే సుమారు ఒకటిన్నర పీఎస్ఐ తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం కొట్టించిన గాలి, డిసెంబరు తెల్లవారుజామున చూస్తే నాలుగు పీఎస్ఐ దాకా తక్కువ ఉంటుంది. మధ్యలో కొట్టించకపోతే దానంతట అది పోయేది వేరే. అందుకే కోరాపుట్ చలిలో టైర్ల రెండు అంచులూ పోయిన బండ్లు నా దగ్గరికి ఎక్కువ వస్తాయి. నెలకి రెండుసార్లు, పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు, స్టిక్కరులో ఉన్నంత కొట్టించండి. ఇంటిల్లిపాదీ సామానుతో విజయనగరం వెళ్లేటప్పుడు నిండు బరువుకి స్టిక్కరులో ఎక్కువ అంకె రాసి ఉంటే అది పాటించండి. ఘాట్ దిగి వచ్చాక వేడి మీద ఎక్కువ చూపిస్తోందని గాలి తీయించకండి, చల్లారాక అది తక్కువైపోతుంది.

మొదటి 300 కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి, కొత్త టైరు పైన అచ్చులోంచి వచ్చిన జారుడు పొర ఉంటుంది. నాలుగూ కొత్తవయ్యాక, ప్రతి 8 నుంచి 10 వేల కిలోమీటర్లకి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించండి. మీ వీఎక్స్ఐకి స్టెప్నీ కూడా అదే సైజు, కానీ దాని వయసూ ఐదేళ్లే. అందుకని ఇప్పుడు దాన్ని ఒక కొత్త టైరుకి జతగా వేసి ఒక టైరు డబ్బు మిగుల్చుకుందాం అనుకోకండి. అది స్టెప్నీగానే ఉండనివ్వండి, దాని గాలి మాత్రం చూపించండి. నాలుగూ మారిన తర్వాత స్టెప్నీ కూడా కొత్తది అయితే, అప్పటి నుంచి ఐదింటినీ వంతులవారీగా తిప్పితే ఒక్కోటీ ఇంకా ఎక్కువ కాలం వస్తుంది.

ఘాట్‌లో టైరుని తినేది వేగం కంటే మలుపులో వేసే బ్రేకు. మలుపుకి ముందే తిన్నటి రోడ్డులో వేగం తగ్గించి, మలుపులో కాలు బ్రేకు మీద లేకుండా తిప్పండి. ఏ గేరులో ఎక్కుతామో అదే గేరులో దిగాలని పాత డ్రైవర్లు నాకు నేర్పారు, సుంకి దగ్గర నుంచి సాలూరు దాకా నేను మూడో గేరు దాటను. ఎదురు లారీకి తప్పుకునేటప్పుడు తారు అంచు దిగాల్సి వస్తే దాదాపు ఆగి దిగండి, మళ్లీ ఎక్కేటప్పుడు అంచుకి ఏటవాలుగా రాసుకుంటూ కాకుండా, స్టీరింగ్ కాస్త ఎక్కువ తిప్పి నెమ్మదిగా ఎక్కండి. పక్క గోడ కోసుకుపోయేది ఆ రాసుకునేటప్పుడే, అక్కడ పడిన కోతకి పంక్చరు వేయడం కుదరదు.

కొత్త టైర్లు వేయించాక సరిగ్గా 2 వేల కిలోమీటర్లకి, అంటే మీకు నెలా పది రోజులకి, మళ్లీ స్టీరింగ్ కుడికి తిప్పి, వెనక నుంచి ఒంగి, ఎడమ ముందు టైరు మీద అరచెయ్యి అడ్డంగా రాసి చూడండి. గరుకు తగిలితే నేరుగా అదే షాపుకి వెళ్లి ఆ ప్రింటు చూపించి మళ్లీ చేయమనండి, అప్పటికి టైరు ఇంకా పాడై ఉండదు. ముందు అంకెలు, తర్వాత అంకెలు ఉన్న ఆ ప్రింటు ఫోటో ఇక్కడ పెడితే నేనూ చూసి, ఆర్మ్ వంగిందా, బుష్ మాత్రమేనా చెప్పగలను.